వేములదిన్నెలో స్టేటస్ కో

లక్ష్మీనరసింహంగారికి యాభై రెండో ఏట లాటిన్ పిచ్చి పట్టింది. మామూలు పిచ్చి కాదు, అన్నం ముద్ద చేతిలో పెట్టుకుని దిక్కులు చూసే పిచ్చి. ఆయన వేములదిన్నె హైస్కూల్లో తెలుగు పండితుడు. సంస్కృతం ఒక్కటే భాష, మిగతావన్నీ ఏదో అవసరానికి వాడుకునే సరుకు అని గట్టిగా నమ్మే ఇంట్లో పుట్టి పెరిగినవారు. అంతటి మనిషిని ఎనభై నాలుగు జనవరిలో, టీ ఇంటర్వెల్లో, లెక్కల మాస్టారు ఇమ్మానియేలుగారు ఒక్క మాటతో పడగొట్టేశారు.

ఇమ్మానియేలుగారు కుర్రతనంలో ఫాదర్ అవుదామని నాలుగేళ్ళు సెమినరీలో చదివి, మనసు మార్చుకుని, పెళ్ళి చేసుకుని లెక్కలు చెప్పుకుంటున్న మనిషి. అక్కడ నేర్చిన లాటిన్ ఇక్కడ ఎందుకూ పనికిరాక మూలపడి ఉంది. ఆ రోజు స్టాఫ్ రూములో కిరసనాయిలు స్టవ్వు అంటుకోక ప్యూను విసుక్కుంటుంటే, "మా ఫాదర్లు నిప్పుని ఇగ్నిస్ అనేవాళ్ళోయ్. నీ స్టవ్వులో అదొక్కటే తక్కువ" అన్నారాయన నవ్వుతూ.

నరసింహంగారు చటుక్కున తలెత్తారు. "ఏమన్నారూ?"

"ఇగ్నిస్ అన్నానండీ. లాటిన్."

"అగ్నిని ఇగ్నిస్ అంటారా? ఉండండి, ఉండండి. ఏడుని ఏమంటారు?"

"సెప్టెమ్."

"సప్త! పన్నుని?"

"డెన్స్. డెంటిస్టు అందులోంచి వచ్చిందే."

"దంతం! ఓరి నాయనోయ్, దంతం! కొత్తదాన్ని?"

"నోవుస్."

"నవం!" అని కేకేసి నరసింహంగారు లేచి నిలబడ్డారు. గంట కొట్టినా ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు. పదో తరగతి పిల్లలు కిటికీ దగ్గర గుమిగూడి, పండితుడుగారు లెక్కల మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపెయ్యడం చూసి, ఎవరికో లాటరీ తగిలిందనుకున్నారు.

ఇక ఆ రోజు నుంచి ఊళ్ళో ఏ ఇంగ్లీషు మాట కనపడినా ఆయన వదల్లేదు. టైంటేబుల్లో పి.ఎం. అంటే పోస్ట్ మెరిడియెమ్, మెరిడియెమ్ అంటే మధ్యాహ్నమే, అందులో మన మధ్య కూర్చుని ఉంది చూడండి అనేవారు. గ్రామరు పుస్తకంలో ఐ.ఇ. అంటే ఇద్ ఎస్ట్, అంటే ఇదం అస్తి, అదీ ఇదీ అన్నదమ్ములే అనేవారు. మార్టూరు సెంటర్లో కొత్తగా వీడియో పెట్టి రూపాయికో సినిమా వేస్తుంటే, ఆ బోర్డు ముందు సైకిలు దిగి, వీడియో అంటే లాటిన్లో 'నేను చూస్తున్నాను' అని, ఆ ధాతువూ మన వేదంలో ఉన్న ధాతువూ ఒకటేనని, టిక్కెట్ల క్యూకి అరగంట ఉపన్యాసం ఇచ్చారు. క్యూలో వాళ్ళు బుద్ధిగా విని, ఆ తర్వాతే లోపలికి పోయారు.

"అందరికీ ఈ వయసులో మోకాళ్ళ నొప్పులొస్తాయి. మా ఆయనకి లాటిన్ వచ్చింది" అని వాళ్ళావిడ సీతారత్నంగారు పంపు దగ్గర చెప్పి నవ్వించేది.

వేములదిన్నెలో ఒక పద్ధతి ఉండేది. ఊరికి ఏ కాయితం వచ్చినా, కరెంటాఫీసు నోటీసైనా, బ్యాంకు ఉత్తరమైనా, తిన్నగా హైస్కూలు వరండాకి వచ్చేది. నరసింహంగారు కళ్ళజోడు సవరించుకుని పైకి చదివేవారు. నలుగురూ వినేవాళ్ళు. ఆయన అర్థం చెప్పాక దానికి తిరుగు లేదు.

ఫిబ్రవరి ఆఖరి సోమవారం పొద్దున పదకొండింటికి అలాంటి కాయితమే ఒకటి పట్టుకుని వెంకటరావమ్మ వరండా ఎక్కింది. కోత మధ్యలోంచి వచ్చినట్టుంది, తలకి గుడ్డ అలాగే ఉంది, వేళ్ళ నిండా మిరప ఘాటు. నడిమి వయసు రైతు మనిషి. మొగుడు పోయి రెండేళ్ళయింది. మూడెకరాల మిరప తోట తప్ప ఆమెకి గజం నేల లేదు. ఆ మూడెకరాలూ ఉమ్మడి ఆస్తి, పంపకాలు కాకుండానే మా అన్న పోయాడు అని మరిది చెంచురామయ్య ఒంగోలు మునసబు కోర్టులో దావా వేశాడు.

"కోర్టు అమీనా తోటలోకే వచ్చి ఇచ్చిపోయాడండీ. అంతా ఇంగిలీషు. ఏం రాశాడో చూడండి పంతులుగారూ" అంది.

నరసింహంగారు చదివారు. సగంలో ఆయన మొహం వెలిగిపోయింది.

"స్టేటస్ కో! వెంకటరావమ్మా, ఇది ఇంగ్లీషు కాదమ్మా, లాటిన్! సాక్షాత్తూ లాటిన్ నీ ఇంటికొచ్చింది!"

"మంచిదేనంటారా?"

"విను. స్టాటుస్ అంటే స్థితి. మన 'స్థా' ధాతువే. క్వో అంటే 'ఏ'. ఏ స్థితిలో ఉన్నదో ఆ స్థితిలో! యథాస్థితి! రోము నగరంలో పుట్టిన మాట, మన మాటకి తోబుట్టువు, మార్టూరు రోడ్డు దాటి మిరప తోటలోకి వచ్చిందంటే..." ఆయనకి నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అంటే ఇప్పుడు నేనేం చెయ్యాలండీ?"

"ఏమీ చెయ్యకూడదు. మళ్ళీ ఉత్తర్వు వచ్చేదాకా తోట ఎలా ఉందో అలాగే ఉండాలి. కాయ తెంపినా స్థితి మారినట్టే. మారిస్తే కోర్టు ధిక్కారం. జైల్లో వేస్తారు."

"కోతకొచ్చిన కాయండీ. సగం తోట కోశాం, సగం చెట్టు మీదుంది."

"ఓపిక పట్టమ్మా. న్యాయం నీవైపు ఉన్నప్పుడు భయమెందుకు?"

వెంకటరావమ్మ కాయితం వంక చూసింది, ఆయన మొహం వంక చూసింది. సరేనని తలూపి వెళ్ళి, కోత కోస్తున్న వీరమ్మ ముఠాని ఆ పూటే పంపించేసింది. నరసింహంగారు ఆ సాయంత్రం ఇంటికి ఈలవేసుకుంటూ వెళ్ళారు. ఇంత మంచి మాట దొరికిన రోజున పక్కన ఇమ్మానియేలుగారు లేకపోవడం ఒక్కటే ఆయనకి బాధ. ఆయన ముందు రోజే బాపట్లలో ట్రైనింగుకి వెళ్ళారు.

పదహారు రోజులు గడిచాయి. చెట్టు మీద కాయ ఎరుపు తిరిగి, ముదిరి, ముడుచుకుని, కొంత నేల రాలడం మొదలైంది. ఫాల్గుణంలో పట్టకూడని మబ్బు దక్షిణాన పట్టింది. చెంచురామయ్య పొద్దునా సాయంత్రం ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని గట్టు మీద తిరిగేవాడు, తోటలోకి మాత్రం దిగేవాడు కాదు. నరసింహంగారు స్కూలుకి పోతూ సైకిలు ఆపి, "భేష్ వెంకటరావమ్మా, కోర్టు మాట అక్షరాలా పాటిస్తున్నావు" అని మెచ్చుకుని పోయేవారు. ఆమె గట్టు మీద కూర్చుని తోట వంకే చూస్తుండేది.

పదిహేడో రోజు, బుధవారం సాయంత్రం, ఇమ్మానియేలుగారు బాపట్ల నుంచి దిగారు. నరసింహంగారు ఆయన్ని బస్సు దగ్గరే పట్టుకుని, సంచీ కింద పెట్టనివ్వకుండా, కథంతా మొదటి నుంచీ ఉత్సాహంగా చెప్పారు. ఇమ్మానియేలుగారు మెచ్చుకోలేదు. మొహం అదోలా పెట్టారు.

"కోత ఆపించారా మాస్టారూ?"

"మరి? స్థితి మారకూడదు కదండీ!"

"మా మేనమామగారి ఊళ్ళో చర్చి స్థలం మీద కేసు పడిందండీ. మూడేళ్ళు స్టేటస్ కో. మూడేళ్ళలో ఒక్క ఆదివారం ప్రార్థన ఆగలేదు. మొదటివారం మా వాళ్ళూ భయపడి తాళం వెయ్యబోతే వకీలు తిట్టాడట. అక్కడ ప్రార్థన జరుగుతూ ఉండటమేరా స్థితి, తాళం వేస్తేనే మార్చినట్టు అన్నాడట. కొత్త గోడ కట్టకూడదు, ఉన్న గోడ పడగొట్టకూడదు. అంతేనండీ."

నరసింహంగారు సైకిలు హ్యాండిలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. కాయితం వచ్చిన రోజున ఆ తోటలో ఏం జరుగుతోంది? కోత జరుగుతోంది. మిరప ఒక్కసారి కోసి ఇంటికి పోయే పైరు కాదు. ఒక కోత అయ్యేలోగా ఇంకో కోతకి కాయ పండుతుంది. మాఘం నుంచి చైత్రం దాకా మిరప తోటంటే కోస్తూ ఉండే తోటే. ఆ మూడెకరాల్లో కోస్తున్న చెయ్యిని ఆపింది ఎవరయ్యా అంటే, తనే. చెంచురామయ్య కాదు, కోర్టు కాదు.

"చంపేశాను మాస్టారూ. దాని నోటి దగ్గర కూడు తీసేశాను" అని ఏడుపు గొంతుతో అని, సైకిలు ఎక్కడం మర్చిపోయి, దాన్ని తోసుకుంటూనే వెంకటరావమ్మ ఇంటికి పరుగెత్తారు.

ఆమె వాకిట్లో చేట పట్టుకుని ఉంది. ఆయన ఆయాసపడుతూ ఉన్నదంతా చెప్పారు. "నేను చెప్పింది తప్పేమోనమ్మా. రేపు మొదటి బస్సుకి ఒంగోలు పోదాం. వకీలుగారి నోటితోనే విందాం" అన్నారు. తిడుతుందనుకున్నారు. తిడితే బాగుండుననుకున్నారు. ఆమె చేట గోడకి ఆనించి, "అట్టాగేనండీ. ఆరున్నర బస్సుకి సెంటర్లో ఉంటా" అంది.

పొద్దున్నే బస్సు కిక్కిరిసి ఉంది. నరసింహంగారు కమ్మీ పట్టుకుని నిలబడి బయటికి చూస్తున్నారు. మబ్బు నిన్నటికన్నా దగ్గరికొచ్చింది. ముందు సీట్లో కూర్చున్న వెంకటరావమ్మ వెనక్కి తిరిగింది.

"ఏందండీ పంతులుగారూ, మూగనోము పట్టారా? ఏదో ఒక మాట పుట్టుక చెప్పండి. గుండె దడదడలాడతంది."

"నా మాటలతోనే కదమ్మా ఇంత ముప్పు!"

"చెప్పండీ. ఒంగోలు ఇంకా గంటన్నర."

ఆయన బితుకుబితుకుమంటూనే మొదలుపెట్టారు. "ఈ బస్సు ఉందే, ఇది అసలు మాటే కాదమ్మా. లాటిన్లో ఓమ్నిబుస్ అంటే 'అందరికీ' అని. ఇంగ్లీషువాడు తల నరికి తోక ఉంచుకున్నాడు. ఆ తోకకి విడిగా అర్థమే లేదు. 'కీ' అన్నట్టు, అంతే! మన సంస్కృతంలో సర్వేభ్యః అంటాం చూడు, అందరికీ అని. ఆ చివర భ్యః ఉందే..." ఆయన గొంతు పెరిగింది, కమ్మీ వదిలేసి రెండు చేతులూ ఊపారు. "ఆ భ్యః, ఈ బుస్, రెండూ ఒక తల్లి పిల్లలు! మనమిప్పుడు భ్యః ఎక్కి ఒంగోలు పోతున్నాం!"

డ్రైవరు బ్రేకు కొట్టాడు. నరసింహంగారు వెళ్ళి చేపల గంప మీద పడ్డారు. బస్సంతా ఘొల్లుమంది. వెంకటరావమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. పదిహేడు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

వకీలు రామచంద్రమూర్తిగారు వాళ్ళని చూడగానే కుర్చీలోంచి సగం లేచారు. "మంచి పని చేశారు. మీకు మనిషిని పంపబోతున్నా. అవతలివాళ్ళు నిన్న సాయంత్రం పిటిషన్ వేశారు. ఈ పూటే విచారణ. పండిన కాయని పదహారు రోజులు చెట్టు మీద వదిలేసిందంటే ఆ తోట ఆమె స్వాధీనంలో లేనట్టే, కాబట్టి కోత మాకే అప్పజెప్పండి అంటున్నారు. కోత పోతే తోట పోయినట్టేనమ్మా! అసలు నిన్ను కోత ఆపమన్నది ఎవరు?"

మూల టైపు మిషను దగ్గర కూర్చున్న గుమస్తా ఏదో అనబోయాడు. వెంకటరావమ్మ అతనివంక ఒక చూపు చూసింది. అతను గొంతు సవరించుకుని ఊరుకున్నాడు.

"నేనేనండీ" అన్నారు నరసింహంగారు.

వకీలుగారు అంతా విన్నారు. తల పట్టుకున్నారు. తర్వాత ఉన్నట్టుండి బల్ల మీద చరిచారు. "అయితే ఆ ముక్కే కాగితం మీద పెట్టండి! నేను చెప్పిన తప్పుడు అర్థం వల్ల ఆమె కోత ఆపింది, తోట వదిలిపెట్టి కాదు అని అఫిడవిట్ ఇవ్వండి. పిటిషన్‌కి అంతకన్నా జవాబు లేదు. కానీ పంతులుగారూ, కోర్టులో అందరి ముందూ చదువుతారు. ఆలోచించుకోండి."

గుమస్తా టకటకా టైపు కొట్టాడు. కాగితం ముందుకొచ్చింది. అఫిడవిట్ కూడా లాటినే. ప్రమాణం చేసి చెప్పెను అని అర్థం. ఇంకో రోజైతే నరసింహంగారు ఆ మాటతో గది ఎగరగొట్టేవారు. ఇప్పుడు మాత్రం పెన్ను మూత తీసి ఆగిపోయారు. చెంచురామయ్య కోర్టులోనే ఉంటాడు. సాయంత్రానికి ఊరంతా చెప్తాడు. పండితుడికి అర్థం తెలియదట అని వరండాలో పిల్లలు కూడా నవ్వుతారు. పాతికేళ్ళ పేరు! సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి. కిటికీలోంచి చూస్తే ఒంగోలు మీద కూడా మబ్బే. ఆయన సంతకం చేసేశారు, పూర్తి ఇంటిపేరుతో సహా.

మునసబుగారు చిన్నవయసు మనిషి. అవతలి వకీలు చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. అఫిడవిట్ చదివించారు. కోర్టు హాల్లో నవ్వులు లేచాయి. చెంచురామయ్య అందరికన్నా గట్టిగా నవ్వాడు. మునసబుగారు మాత్రం నవ్వకుండా, "ఆ మాస్టారు వచ్చారా?" అని అడిగారు.

నరసింహంగారు బోనెక్కారు.

"స్టేటస్ కో అంటే యథాస్థితి అని చెప్పారట. అర్థం సరిగ్గానే చెప్పారు కదా. మరి తప్పేమిటంటారు?"

"మాటలో తప్పు లేదండీ. తప్పు నాదండీ." ముందు మెల్లగా అన్నారు. తర్వాత ఆయనకి ఎక్కడలేని ఊపూ వచ్చింది. "స్టాటుస్ ఎక్కడ పుట్టిందో, దాని అక్కచెల్లెళ్ళెవరో నాకు తెలుసండీ. కానీ నేను కాగితం చూశాను, తోట చూడలేదు. కాగితం వచ్చిన పూట ఆ తోటలో కోత జరుగుతోంది. మిరపకి కోతల కాలంలో కోతే స్థితి. ఏ స్థితిలో ఉన్నదో ఆ స్థితిలో అంటే, కోస్తున్న చెయ్యి కోస్తూనే ఉండాలన్నమాట. ఆ చెయ్యిని నేను ఆపానండీ. స్టేటస్ కో మీరింది వెంకటరావమ్మ కాదు, నేను. ధిక్కారమంటూ ఉంటే నన్ను వేయండి జైల్లో!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అవతలి వకీలు లేచి, కోత జరుగుతోందని ఈయన మాటే తప్ప సాక్ష్యమేదని అడిగాడు. రామచంద్రమూర్తిగారు, అమీనా తిరిగి దాఖలు చేసిన నోటీసు ఒక్కసారి చూడమన్నారు. మునసబుగారు ఫైలు తిప్పించి, వెనకవైపు అమీనా రాసిన వాక్యం తనే పైకి చదివారు: "మిరప కోత జరుగుచుండగా, కూలీల సమక్షమున, చేని గట్టున ప్రతివాదికి అందజేయడమైనది." కింద వీరమ్మ వేలిముద్ర కూడా ఉంది.

చెంచురామయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు.

పిటిషన్ కొట్టేశారు. ఉత్తర్వు నాటికి కోత కోయిస్తున్న ప్రతివాదే కోత కొనసాగించుకోవచ్చు, అవతలివారు అడ్డుపడకూడదు అని అక్కడికక్కడే చెప్పి రాయించారు. బయటికొచ్చాక నరసింహంగారు కోర్టు మెట్ల మీద, వకీళ్ళూ బంట్రోతులూ చూస్తుండగా, చిన్నపిల్లాడిలా ఎగిరి గంతేశారు. పైపంచె ఎక్కడో పడిపోయింది. వెంకటరావమ్మ దాన్ని తీసి దులిపి చేతికిచ్చింది.

ఇక చూడండి తమాషా! కాగితం నకలు తెచ్చుకుని ఊళ్ళో దిగేసరికి సాయంత్రం నాలుగు. వీరమ్మ ముఠా అప్పటికి ఇంకో ఆసామి తోటలో ఉంది. సంగతి వినగానే వీరమ్మ కొంగు బిగించి, "ఆ అమీనా కాయితం మీద నా వేలిముద్ర కూడా పనికొచ్చిందా? ఇంకేం, పదండే!" అని పక్క పాలెం వాళ్ళని కూడా పిలుచుకుని మర్నాడు తెల్లారేసరికి అరవైమందితో దిగింది. ఇమ్మానియేలుగారు సెలవు పెట్టి వచ్చారు. సీతారత్నంగారు బిందెలతో మజ్జిగ పంపింది. నరసింహంగారు పంచె ఎగగట్టి మొదటి సాలులో నిలబడ్డారు. జీవితంలో మిరపకాయ కొయ్యని చెయ్యి గంటకల్లా భగభగ మండింది. మండుతుంటే అదే చేత్తో కన్ను తుడుచుకున్నారు. ఆ కేకకి అరవైమందీ పని ఆపి నవ్వారు.

"ఇగ్నిస్! మాస్టారూ, ఇగ్నిస్!" అని ఆయన కళ్ళు మూసుకుని గెంతుతుంటే ఇమ్మానియేలుగారు నీళ్ళ చెంబు పట్టుకుని వెంటపడ్డారు.

మిగిలిన ఎకరంన్నరా రెండు రోజుల్లో ఊడ్చేశారు. మూడో రోజు మధ్యాహ్నం, కాయంతా కల్లంలో పరిచి ఉండగా, గాలి తిరిగింది. వాన వాసన కొట్టింది. "ఒరేయ్, వస్తాందిరోయ్!" అని బుల్లయ్య గట్టు మీంచి అరిచాడు. ఆయనది పక్క పొలం. పొగాకు వేడి మీద ఆరబెట్టే ఆయన బ్యారన్ కొట్టం ముందు రోజే ఖాళీ అయింది, గొట్టాల్లో వేడి ఇంకా చల్లారలేదు. "చూస్తారేంది, నా బ్యారన్లో పొయ్యండి!" అన్నాడు. తట్టలు, గోతాలు, చీర కొంగులు, నరసింహంగారి పైపంచె, చేతికందిన దాంట్లో ఎత్తి పరుగులు పెట్టారు. ఆఖరి తట్ట లోపల పడటం, టపటపా చినుకులు మొదలవడం ఒక్కసారే జరిగాయి. బ్యారన్ వాకిట్లో అందరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కేరింతలు కొట్టారు. వీరమ్మ వానలోకి దిగి రెండు చేతులూ చాచి గిర్రున తిరిగింది.

కాసేపటికి ఎవరి ఇళ్ళకి వాళ్ళు పరుగెత్తారు. బ్యారన్లో నరసింహంగారు, వెంకటరావమ్మ మిగిలారు. ఘాటుకి ఇద్దరూ తుమ్ముతున్నారు. ఆమె కుప్ప పక్కన కూర్చుని తెల్లబారిన తాలు కాయలు ఏరి పక్కన పడేస్తోంది. ఆ పక్క కుప్ప చూస్తుండగానే పెరుగుతోంది. మొత్తంలో అయిదోవంతు ఉంటుంది.

నరసింహంగారి సంతోషమంతా దిగిపోయింది.

"అది నా పాపం, వెంకటరావమ్మా. ఆ రోజే కోసి ఉంటే ఒక్క కాయ తాలు అయ్యేది కాదు. వకీలుగారి దగ్గరికి పొమ్మని ఒక్క మాట అని ఉండాల్సింది. నాకు ఆ మాట దొరికిందన్న సంబరంలో నీ తోట కనపడలేదు. నన్ను క్షమించు."

ఆమె తల ఎత్తలేదు. "వకీలుగారి గుమస్తా చెప్పాడండీ."

"ఏం చెప్పాడు?"

"మూడోరోజే, మార్టూరు బస్టాండులో కనపడి. కాయితం గురించి అడిగితే, దానికేం కాదు, కాయ కోసుకోవచ్చమ్మా అన్నాడు."

నరసింహంగారు నిర్ఘాంతపోయారు. "మరి ఎందుకు కొయ్యలేదు?"

"మీరొద్దన్నారుగా."

ఆమె అలా మామూలుగా అనేసి ఇంకో కాయ ఏరింది. పెంకుల మీద వాన హోరెత్తుతోంది. పదమూడు రోజులు, చెట్టు మీంచి కాయ రాలుతుంటే, గట్టు మీద కూర్చుని ఆమె చూసింది. కొయ్యొచ్చని తెలిసి. తను సైకిలు ఆపి భేష్ అని పోతుంటే, విని ఊరుకుంది. ఆయనకి ఘాటు వల్ల కాదు, నిజంగానే ఏడుపొచ్చింది. పైపంచె గోతం కింద ఎక్కడో ఉంది. మండే చేత్తో కన్ను తుడుచుకోవడానికి భయపడి అలాగే వదిలేశారు.

కాసేపయ్యాక ఆమె చేతులు పైట చెంగుకి తుడుచుకుని, రొంట్లోంచి మడతపెట్టిన కోర్టు నకలు తీసి ఇచ్చింది.

"ఆ రోజు హడావిడిలో సరిగ్గా వినలా. ఇంకోసారి చదివి చెప్పండి."

ఆయన వాకిలి వెలుతురులోకి జరిగి మెల్లగా చదివారు. ఒక్కో వాక్యం చదివి ఆగి, తేట తెలుగులో చెప్పారు. మధ్యలో రెండు మాటలకి ఆమె తల ఊపింది. చివరి వాక్యం దగ్గర ఆయన ఆగిపోయారు. అక్కడా ఒక లాటిన్ మాట ఉంది. దాని ధాతువు తెలుసు. చుట్టాలు తెలుసు. పెదవి దాకా వచ్చేసింది కూడా.

"ఇక్కడ ఈ మాట కోర్టులో ఏ లెక్కన వాడతారో నాకు తెలియదమ్మా" అన్నారు. పాతికేళ్ళ ఉద్యోగంలో ఆ ఊళ్ళో ఎవరికీ ఆయన అలా చెప్పలేదు. "సోమవారం మొదటి బస్సుకి పోయి వకీలుగారిని అడిగొస్తాను."

"పోయి రండి" అంది వెంకటరావమ్మ. కాయితం ఆయన దగ్గరే ఉంచేసి, మళ్ళీ కుప్ప ముందు కూర్చుంది. "మీరు వచ్చి చెప్పిందాకా రెండో కోత మొదలెట్టన్లెండి."